అన్ని డిస్కులూ ఎడమకే పోతున్నాయి: ఏది ఎలా ఎగురుతుంది, చేతిలో ఎలా ఉంటుంది?

#1 కొత్తవిసురు

అందరికీ నమస్కారం. డిస్క్ గోల్ఫ్, అదే ప్లాస్టిక్ డిస్క్‌ని విసురుతూ చైన్ల బాస్కెట్‌లో వేసే ఆట, మొదలుపెట్టి నాలుగు నెలలైంది. కుడిచేతి వాటం, విసిరేది బ్యాక్‌హ్యాండ్ (చెయ్యి ఛాతీకి అడ్డంగా లాగి విసరడం). సంచిలో ఐదు డిస్కులున్నాయి: ఏవియార్ (పటర్, దగ్గర్నించి బాస్కెట్‌లో వేసేది), బజ్ (మిడ్‌రేంజ్, మధ్య దూరానికి), లెపర్డ్, ఫైర్‌బర్డ్, డెస్ట్రాయర్ (మూడూ డ్రైవర్లు, ఎక్కువ దూరానికి).

పేరుకి ఐదు రకాలు. నా చేతిలోంచి వెళ్లాక మాత్రం ఐదూ ఒకేలా ఎగురుతున్నాయి. బయల్దేరగానే పైకి లేస్తాయి, గాల్లో ఒక్క క్షణం నిలబడినట్టు అనిపిస్తుంది, అక్కణ్ణించి ఎడమకి ఒరిగి దబ్బున పడతాయి. నిన్న అడుగులతో కొలిచి చూశాను. డెస్ట్రాయర్ 70 మీటర్లు, లెపర్డ్ 66, బజ్ 61. పటర్‌లా మొద్దు అంచున్న డిస్క్‌కీ, కత్తిలాంటి డ్రైవర్‌కీ మధ్య ఇంతేనా తేడా?

డెస్ట్రాయర్ మీద 12, 5, -1, 3 అని ఉంది. ఆ -1 ప్రకారం మొదట కొంచెం కుడికి వెళ్లాలి కదా? ఒక్కసారి కూడా వెళ్లలేదు. రోడ్‌రన్నర్ అనే డ్రైవర్‌కి టర్న్ (ఆ మూడో అంకె) -4 అట. అది కొంటే ఈ ఎడమ బాధ తీరుతుందా?

#2 శారద_మిడ్‌రేంజ్

రోడ్‌రన్నర్ ఇప్పుడే వద్దండీ. ముందు ఆ నాలుగు అంకెల సంగతి చూద్దాం. వరసగా స్పీడ్, గ్లైడ్, టర్న్, ఫేడ్. చాలామంది మొదటి అంకె దగ్గరే పొరబడతారు.

స్పీడ్ అని ఉన్న అంకె ఆ డిస్క్ మీ చేతి నుంచి అడిగే వేగం. 12 స్పీడ్ డిస్క్‌కి 6 స్పీడ్‌కి సరిపడా విసురు ఇస్తే మిగతా అంకెలు ఏవీ నిలబడవు. టర్న్ అసలు కనిపించదు, ఫేడ్ ఒక్కటే మిగులుతుంది. గ్లైడ్ అంటే తేలే గుణం. టర్న్ అంటే వేగం ఉన్నంతసేపు కుడికి ఒరగడం, మైనస్ పెరిగేకొద్దీ ఎక్కువ ఒరుగుతుంది. ఫేడ్ అంటే వేగం తగ్గాక చివర్లో ఎడమకి తిరగడం. ఇదంతా కుడిచేతి బ్యాక్‌హ్యాండ్ లెక్క. ఎడమచేతి వాళ్లకీ, కుడిచేత్తో ఫోర్‌హ్యాండ్ (అరచెయ్యి ముందుకి పెట్టి పక్క నుంచి విదిలించడం) విసిరేవాళ్లకీ దిక్కులు తారుమారు.

మీ సంచిలో నాకు నచ్చినవి రెండు. బజ్ (5, 4, -1, 1), లెపర్డ్ (6, 5, -2, 1). ఈ రెండూ నిజం చెప్పే డిస్కులు. చెయ్యి ఏ వాలులో వదిలితే ఆ వాలులోనే చాలా దూరం వెళ్తాయి, కాబట్టి తప్పు ఎక్కడ జరిగిందో చూపిస్తాయి. ఫైర్‌బర్డ్ (9, 3, 0, 4) మీరు ఎలా విసిరినా ఎడమకే పోతుంది, దాని పనే అది. డెస్ట్రాయర్‌కి మీ చేతి వేగం ఇంకా సరిపోదు. 110 మీటర్లు హాయిగా విసిరేవాళ్ల చేతిలో చూడండి, అదే డిస్క్ ముందు మెల్లగా కుడికి జరిగి, చాలాసేపు తిన్నగా పోయి, చివర్లో ఎడమకి వస్తుంది. మొత్తం దారి ఎస్ అక్షరం సాగదీసినట్టుంటుంది.

#3 రిమ్ము_రాజు

ఫైర్‌బర్డ్ ఎడమకి పోతే దిగులు లేదు తమ్ముడూ. బజ్ ఎడమకి పోతోందంటేనే ఆలోచించాలి. పక్క నుంచి తీసిన వీడియో ఉంటే పెట్టు.

#4 బొంగరం76

కొత్తవిసురు గారి పోస్టులో నన్ను ఆపిన మాట "గాల్లో ఒక్క క్షణం నిలబడినట్టు". డిస్క్ ముందంచు పైకి లేచి బయల్దేరిందనడానికి అదే ఆనవాలు. నోస్ అప్ అంటాం. అంచు అలా లేచి ఉంటే ఏ డిస్క్ కొన్నా దారి మారదు. ఎందుకో కొంచెం వివరంగా రాస్తాను. నాకు ఈ ఆటలో అన్నిటికంటే అందంగా కనిపించేది ఇదే.

తిరుగుతున్న వస్తువుని ఒకచోట నెడితే అది అక్కడ వంగదు. పావు చుట్టు తర్వాత వచ్చే చోట వంగుతుంది. బొంగరం పడిపోకుండా తల తిప్పుతూ నిలబడేది ఈ గుణంతోనే. కుడిచేతి బ్యాక్‌హ్యాండ్‌లో డిస్క్‌ని పైనుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపే తిరుగుతుంది. ఈ రెండు సంగతులూ గుర్తుంటే చాలు.

డిస్క్ వేగంగా, బల్లపరుపుగా దూసుకుపోతున్నప్పుడు గాలి దాన్ని పైకెత్తే బలం మధ్యబిందువుకి కాస్త వెనక పనిచేస్తుంది. అంటే వెనక భాగాన్ని ఎత్తాలని చూస్తుంది. పావు చుట్టు తర్వాత ఆ ఎత్తు ఎడమ అంచున కనిపిస్తుంది. ఎడమ లేస్తే డిస్క్ కుడికి ఒరుగుతుంది. అదే టర్న్. వేగం తగ్గి డిస్క్ కిందికి దిగడం మొదలవగానే గాలి అడుగు నుంచి తగులుతుంది, ఆ బలం ముందుకి జరిగి ముందంచుని ఎత్తుతుంది. పావు చుట్టు తర్వాత కుడి అంచు లేచి, డిస్క్ ఎడమకి ఒరుగుతుంది. అదే ఫేడ్.

ఇప్పుడు మీ విసురు చూడండి. ముందంచు లేపి వదిలితే గాలి మొదటి క్షణం నుంచే అడుగున తగులుతోంది. టర్న్ జరగాల్సిన భాగం మొత్తం పోయింది, డిస్క్ నేరుగా ఫేడ్‌లోకి దిగింది. వేగమంతా ఎత్తు ఎక్కడానికి ఖర్చయింది. అందుకే డెస్ట్రాయర్‌కీ బజ్‌కీ మీ దగ్గర తొమ్మిది మీటర్లే తేడా. రోడ్‌రన్నర్ కూడా ముందంచు లేస్తే అదే ఎడమకి తిరుగుతుంది, కాకపోతే కాస్త ఆలస్యంగా.

#5 కొత్తవిసురు

చదివాక ఇంట్లో పళ్లెం తిప్పి చూశాను. పావు చుట్టు సంగతి ఇప్పుడు కళ్లకి కట్టింది. చాలా థాంక్స్ అన్నా.

కానీ ముందంచు లేస్తోందని నాకు చేతిలో తెలియడం లేదు. నా కంటికి సమంగానే వదులుతున్నాననిపిస్తోంది. సరిచేసుకోవడం ఎలా?

#6 ఎడంచెయ్యి_మూర్తి

చేతికి తెలియదు బాబూ, నాకూ తెలిసేది కాదు. తెలియజేసేది డిస్కే.

ఏవియార్ తీసుకో. పరుగు వద్దు, అడుగు కూడా వద్దు. నిలబడి, 40 మీటర్ల దూరంలో ఒక చెట్టు పెట్టుకుని, నీ ఛాతీ ఎత్తు దాటకుండా విసరాలని చూడు. తల ఎత్తు దాటి లేస్తోందంటే ముందంచు లేస్తోందన్నమాటే. పటర్ నెమ్మదైన డిస్క్ కాబట్టి దాని తప్పు అక్కడే, కళ్ల ముందే బయటపడుతుంది. ఎదురుగాలి ఉన్న రోజు ఈ పని చేస్తే ఇంకా మంచిది. అంచు లేచిన డిస్క్‌ని ఎదురుగాలి గాలిపటంలా పైకి ఎగరేసి వెనక్కి తెచ్చి పడేస్తుంది.

దిద్దుబాటు రెండు చోట్ల. ఒకటి మణికట్టు. చెంబుతో నీళ్లు ఒంపేటప్పుడు బొటనవేలి వైపు కిందికి వాలుతుంది చూడు, డిస్క్ లాగేటప్పుడు మణికట్టు ఆ వాలులో ఉండాలి. ఎక్కువ వద్దు, లోటా నీళ్లు సన్నగా ధార కట్టేంత. రెండోది నడుము. దూరం పోవాలన్న ఆత్రంలో విసిరే క్షణాన వెనక్కి వాలుతాం. అప్పుడు భుజాలు పైకి చూస్తాయి, డిస్క్ కూడా పైకి చూస్తుంది. బరువు ముందు కాలు మీదికి వచ్చాకే చెయ్యి రావాలి.

ఒక నెల డ్రైవర్లు ముట్టుకోకు. కష్టంగా ఉంటుందని తెలుసు.

#7 చైన్ల_చప్పుడు

మూర్తి గారు పటర్ అన్నారు కాబట్టి చేతిలో ఎలా ఉంటుందన్న మాట నేను ఎత్తుకుంటాను. శీర్షికలో ఉంది గానీ ఇప్పటిదాకా ఎవరూ దాని జోలికి పోలేదు.

కళ్లు మూసుకుని సంచిలో చెయ్యి పెట్టండి. పటర్ రిమ్, అంటే చుట్టూ ఉండే గట్టి అంచు, సుమారు ఒక సెంటీమీటర్ వెడల్పు, అంచు గుండ్రంగా ఉంటుంది, వేళ్లు లోపలికి పూర్తిగా చుట్టుకుంటాయి. మిడ్‌రేంజ్‌కి వచ్చేసరికి కొంచెం వెడల్పు, కొంచెం పదును. డెస్ట్రాయర్ రిమ్ 2.2 సెంటీమీటర్లు, వేళ్ల చివర్లు మాత్రమే లోపలి గోడని తాకుతాయి. ఈ ఆటకి నియమాలు పెట్టే సంఘం పీడీజీఏ నిబంధనల ప్రకారం రిమ్ 2.6 సెంటీమీటర్లు దాటకూడదు. పొట్టి వేళ్లున్న నాలాంటి వాళ్లకి ఆ హద్దు దగ్గరున్న డిస్కులు పట్టుకుంటే పలక పట్టుకున్నట్టుంటుంది. పట్టు సడలితే విసురు ఎలాగూ సడలుతుంది, కాబట్టి ఎంత దూరం పోయే డిస్క్ అయినా నా సంచిలో దానికి చోటు లేదు.

రెండోది ప్లాస్టిక్. ఒకే మూస, ఒకే బరువు, ప్లాస్టిక్ మారితే వేరే డిస్క్. ఇన్నోవా కంపెనీ వాళ్ల డీఎక్స్ ప్లాస్టిక్ పొడిగా, కాస్త గరుగ్గా ఉంటుంది, తడిలో కూడా వేలు నిలుస్తుంది. కానీ చెట్టుకి తగిలిన ప్రతిసారీ అంచు నలుగుతుంది. ఛాంపియన్ గాజులా నున్నగా, గట్టిగా ఉంటుంది. చెట్లని లెక్కచెయ్యదు, చలిలో మాత్రం చేతిలో జారుతుంది. స్టార్ ఈ రెండిటికీ మధ్యస్థం, కాస్త సబ్బులాంటి మెత్తదనం.

మూడోది అడుగున ఉండే బీడ్. కొన్ని పటర్లకి రిమ్ అడుగంచున సన్నని పూసలాంటి గట్టు ఉంటుంది. జడ్జ్ అనే పటర్‌కి ఉంది. మామూలు ఏవియార్ పీ అండ్ ఏకి లేదు. గట్టు ఉన్న డిస్క్ వదిలేటప్పుడు చూపుడువేలికి ఒక గుర్తులా తగులుతుంది, అది నాకు ధైర్యం. గట్టు లేనిది నున్నగా జారిపోతుంది, అదే కావాలనే వాళ్లూ ఉన్నారు. ఏది గొప్ప అని అడగొద్దు. బాస్కెట్ చుట్టూ ఉండే పది మీటర్ల గీత లోపల, టెన్షన్‌లో నిలబడినప్పుడు చెయ్యి ఏది అడుగుతుందో అదే మీ పటర్. నేను ఎనిమిదేళ్లుగా ఒకే మూస పటర్లు వాడుతున్నాను. చైన్ల మధ్య తగిలి బాస్కెట్‌లో పడే చప్పుడు కూడా చెవికి అలవాటైపోయింది. కొత్త ప్లాస్టిక్‌దైతే ఆ చప్పుడులోనే తేడా పట్టేస్తాను.

ఒకసారి బర్గ్ చేతిలోకి తీసుకుని చూడండి. కాస్టాప్లాస్ట్ వాళ్లది, 1, 1, 0, 2. పైన బొటనవేలు కూర్చోవడానికి గాడి ఉంటుంది. గ్లైడ్ 1 అంటే ఏమిటో ఒక్క విసురులో తెలుస్తుంది. బాస్కెట్ పక్కన రాయిలా దిగి అక్కడే ఉండిపోతుంది.

#8 రిమ్ము_రాజు

అందరూ కలిసి కుర్రాడి చేతిలోంచి డ్రైవర్ లాగేసుకుంటున్నారు. నేను ఒప్పుకోను.

నేను ఆటలోకి వచ్చిందే పెద్ద డ్రైవర్ ఎగరడం చూసి. నెలంతా పటర్ విసరమంటే చాలామంది మధ్యలో మానేస్తారు. వారానికి ఒక్క రోజైనా ఖాళీ మైదానంలో డెస్ట్రాయర్ బలంగా విసరాలి. చేతి వేగం పెరగాలంటే బలంగా విసరడం అలవాటవ్వాలి కదా. 2016లో డేవిడ్ విగ్గిన్స్ జూనియర్ 338 మీటర్లు విసిరింది పటర్‌తో కాదు.

#9 ఎడంచెయ్యి_మూర్తి

రాజూ, ఆ 338 మీటర్లూ ఎడారిలో, వెనక నుంచి బలంగా వీచే గాలిలో, దూరం కోసమే పెట్టిన పోటీలో. గొప్ప విసురు, సందేహం లేదు. కానీ దాని పాఠం కోర్సులో పనికిరాదు.

అయినా నీ మాటలో నిజం ఉంది. బలంగా విసరడం మానొద్దు. కాకపోతే ఆ బలం లెపర్డ్‌తో చూపించమంటాను. లెపర్డ్‌ని గట్టిగా విసిరితే అది కుడికి తిరిగి "నువ్వు నిజంగానే వేగం పెంచావు" అని చెప్తుంది. డెస్ట్రాయర్ ఏమీ చెప్పదు, ఎడమకి పడి ఊరుకుంటుంది.

అసలు ఈ అంచు పదును అన్నదే మొదట్లో లేదు. తొలినాళ్లలో విసిరినవి గుండ్రటి అంచున్న మామూలు ఎగిరే పళ్లేలే. 1983లో డేవ్ డునిపేస్ అంచుని ఏటవాలుగా చెక్కినట్టు చేసి ఈగల్ అనే డిస్క్ తెచ్చాడు. గాలిని చీల్చుకుపోయే డిస్కులన్నీ ఆ వంశమే. అంచు పదునెక్కేకొద్దీ వేగం పెరిగింది, దాంతోపాటు తప్పుని క్షమించే గుణం తగ్గుతూ వచ్చింది.

#10 శారద_మిడ్‌రేంజ్

రాజు గారితో సగం ఒప్పుకుంటాను. విసుగు పుట్టే సాధన ఎవరూ చెయ్యరు. అందుకే నేను వేరే దారి చెప్తాను: ఒకే మూస డిస్క్‌ని వేర్వేరు వయసుల్లో వాడి చూడండి.

నా దగ్గర మూడు లెపర్డ్‌లున్నాయి, మూడూ డీఎక్స్. ఒకటి ఈ మధ్య కొన్నది, అంచు మీద మూస గీత ఇంకా వేలికి తగులుతుంది. రెండోది రెండేళ్లది, అంచంతా చిన్న చిన్న నొక్కులు, పైన ముద్ర సగం చెరిగిపోయింది. మూడోది ఐదేళ్లది. దాని రిమ్ మీద బొటనవేలు జరిపితే కంకర రోడ్డు మీద చెయ్యి పెట్టినట్టుంటుంది. ఒకచోట చెట్టు బెరడు ముక్క లోపలికి దిగి అలాగే ఉండిపోయింది. పళ్లెం కాస్త మెత్తబడి, వేలితో నొక్కితే లోపలికి పోయి వస్తుంది.

మూడూ ఒకే వాలులో, ఒకే బలంతో విసురుతాను. కొత్తది తిన్నగా పోయి ఎడమకి వస్తుంది. రెండేళ్లది తిన్నగా పోయి తిన్నగానే పడుతుంది. ఐదేళ్లది చేతిలోంచి వెళ్లగానే కుడికి తిరుగుతుంది, తిరిగి రాదు.

ఆ మూడోదాన్ని ఎడమ వాలులో, అంటే హైజర్‌లో, బయటి అంచు బాగా కిందికి వంచి విసురుతాను. వెళ్తూ వెళ్తూ ఆ వంపు తనంతట తనే సరిచేసుకుంటుంది. కింద ఉన్న అంచు మెల్లగా లేచి, డిస్క్ బల్లపరుపు అయి, ఆ తర్వాత తేలుతూ పోతూనే ఉంటుంది. హైజర్ ఫ్లిప్ అంటారు. చెట్ల మధ్య సన్నని దారిలో ఆ లేవడం కనిపించిన ప్రతిసారీ నా ఊపిరి ఆగుతుంది, ఇన్నేళ్లయినా. ఇది చెయ్యడానికి పెద్ద బలం అక్కర్లేదు. అరిగిన డిస్క్, సరైన వాలు, అంచు లేవకుండా చూసుకోవడం, అంతే. కొత్తవిసురు గారూ, మీరు అడిగిన ఆ మైనస్ టర్న్ కనిపించేది ఇక్కడే.

#11 కొత్తవిసురు

అక్కా, ఐదేళ్లు ఆగలేను! నా లెపర్డ్‌ని గరుకు కాగితంతో రుద్దితే పాతదానిలా అవుతుందా?

#12 బొంగరం76

అలా చెయ్యకండి. ఎగరే తీరు మార్చడానికి డిస్క్‌ని మార్చకూడదని పీడీజీఏ నియమం. మూసలోంచి వచ్చిన చిన్న లోపాలు, ఆటలో పడిన గీతలు నున్నగా చెయ్యడానికి ఓ మోస్తరుగా రుద్దుకోవచ్చు. ఆటలో దానంతటది అరగడం మామూలే. కావాలని పాతది చెయ్యడం మాత్రం కుదరదు.

దానికి బదులు ఇంకో పని చెయ్యండి. ఒకే పేరు, ఒకే ప్లాస్టిక్ ఉన్న రెండు డిస్కులు దొరికితే నున్నటి బల్ల మీద పక్కపక్కన పెట్టి, కన్ను బల్ల ఎత్తుకి తెచ్చి అంచుని చూడండి. మూస రెండు సగాలూ కలిసిన సన్నని గీత అంచు కొస మీద కనబడుతుంది. ఆ గీత బల్ల నుంచి ఎత్తుగా ఉన్న డిస్క్ ఎక్కువ ఓవర్‌స్టేబుల్, అంటే ఎడమకి లాగే రకం. కిందుగా ఉంటే కుడికి తిరిగే రకం. తేడా ఒక కాగితం మందమే ఉండొచ్చు, ఎగిరేటప్పుడు మాత్రం స్పష్టంగా తెలుస్తుంది. తర్వాత పైభాగం చూడండి. ఒకటి చదునుగా, ఇంకోటి కాస్త బోర్లించిన మూకుడులా ఉబ్బి ఉండొచ్చు. ఉబ్బు ఉన్నది సాధారణంగా ఎక్కువసేపు తేలుతుంది, చదునైనది తొందరగా దిగుతుంది. వేడి మూసలోంచి తీశాక చల్లారే తీరుని బట్టి ఇవి మారుతుంటాయి. అందుకే డిస్క్ మీది అంకెలు ఆ మూసకి చెప్పినవి, మీ చేతిలో ఉన్న ఆ ఒక్క డిస్క్‌కి చెప్పినవి కావు.

బరువు కూడా చూసుకోండి. వ్యాసంలో ప్రతి సెంటీమీటర్‌కి 8.3 గ్రాములు మించకూడదని హద్దు, కాబట్టి 21.2 సెంటీమీటర్ల డిస్క్ 176 గ్రాముల లోపే ఉండాలి. అదే మూసలో 150 గ్రాముల దగ్గరున్నది తీసుకుంటే తక్కువ బలంతోనే వేగం అందుకుంటుంది, టర్న్ తొందరగా కనిపిస్తుంది. గాలి వీస్తే మాత్రం దాన్ని పట్టుకోవడం కష్టం.

#13 నీలిమ_ఫ్లిక్

ఫోర్‌హ్యాండ్ వాళ్ల తరఫున ఒక మాట. ఇక్కడ ఫైర్‌బర్డ్‌ని అందరూ పక్కన పెట్టేశారు, నాకు బాధేసింది.

ఫోర్‌హ్యాండ్‌లో చెయ్యి తిరిగే దూరం తక్కువ, మణికట్టు విదిలింపు ఎక్కువ. చిన్న తప్పు జరిగినా డిస్క్ వణుకుతూ బయల్దేరుతుంది. ఆ వణుకులో లెపర్డ్ లాంటిది తిరగబడిపోతుంది. ఫైర్‌బర్డ్ అయితే రెండు మూడు మీటర్లలో వణుకు మింగేసి తన దారి పడుతుంది. దగ్గరి దూరాలకి జోన్ (4, 3, 0, 3) అలాగే. లోతు తక్కువ, చదునైన పటర్ లాంటి డిస్క్, చూపుడువేలూ మధ్యవేలూ కలిపి లోపలి గోడకి ఆనించి విదిలిస్తే ఎంత గట్టిగా విసిరినా కుదురుగా పోతుంది.

ఫైర్‌బర్డ్ నేల మీద పడే తీరు కూడా ఆటే. ఒక వైపు అంచు మీద వాలి, చెరువులో విసిరిన పెంకులా కప్పగంతు వేసి ఇంకో పది మీటర్లు పక్కకి జారుతుంది. చెట్టు వెనక దాక్కున్న బాస్కెట్‌కి గాల్లోంచి దారి లేకపోతే నేల మీద దారి ఉంటుంది. గట్టి నేలకీ, తడి గడ్డికీ ఆ గంతు ఎలా మారుతుందో తెలుసుకోవడానికి నాకు ఒక ఏడాది పట్టింది.

#14 ఎడంచెయ్యి_మూర్తి

నీలిమ చెప్పింది నిజం. గాలి సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను.

డిస్క్‌కి నేల వేగం తెలియదు, గాలి వేగమే తెలుసు. గంటకి 70 కిలోమీటర్లతో విసిరావు, 20 కిలోమీటర్ల ఎదురుగాలి ఉంది, డిస్క్‌కి అది 90. కాబట్టి రోజూ తిన్నగా పోయే బజ్ ఆ రోజు కుడికి తిరుగుతుంది. వెనకగాలిలో అదే బజ్‌కి 50, టర్న్ మాయమై తొందరగా ఎడమకి దిగుతుంది. ఎదురుగాలికి ఎడమకి లాగేవి, వెనకగాలికి కుడికి తిరిగేవి. ఇదొక్కటి గుర్తు పెట్టుకుంటే సంచిలో ఫైర్‌బర్డ్ ఎందుకుందో అర్థమవుతుంది.

పటింగ్‌లో, అంటే దగ్గర్నించి బాస్కెట్‌లోకి వేసేటప్పుడు, గాలి ఇంకో రకంగా ఏడిపిస్తుంది. ఒకసారి ఆరు మీటర్ల పట్, ఎదురుగాలి. రోజూ వేసినట్టే వేశాను. డిస్క్ చైన్ల దాకా వచ్చి, గాలికి లేచి, బాస్కెట్ పైన ఉన్న పట్టీకి తగిలి, అంచు మీద పడి దొర్లుకుంటూ పల్లంలోకి పోయింది. అక్కణ్ణించి ఇరవై మీటర్లు మళ్లీ వెయ్యాల్సి వచ్చింది. అప్పటి నుంచి ఎదురుగాలికి గురి చైన్ల కింది భాగానికి దించుతాను, వెనకగాలికి పైకి ఎత్తుతాను. వెనకగాలి డిస్క్‌ని కిందికి నొక్కేస్తుంది.

#15 చైన్ల_చప్పుడు

ఆ దొర్లుడు చూశాక వచ్చే నిశ్శబ్దం నాకు తెలుసు మూర్తి గారూ.

#16 రిమ్ము_రాజు

రెండు ప్లాస్టిక్‌లు కలిపి చేసేవాటి మాట ఎవరూ ఎత్తలేదు. ఎంవీపీ, ఆక్సియమ్ వాళ్లవి, మధ్య పళ్లెం ఒక రకం, చుట్టూ అంచు బరువైన ఇంకో రకం. బరువు అంచుకి చేరితే తిరుగుడు ఎక్కువసేపు నిలుస్తుందని వాళ్ల ఆలోచన. నా చేతిలో హెక్స్ (5, 5, -1, 1) బజ్ కంటే చివర్లో ఇంకాస్త ముందుకి తేలుతుంది. వేలికి ఆ రెండు ప్లాస్టిక్‌లు కలిసే గీత మొదటి వారం కొత్తగా తగిలింది, తర్వాత మరిచిపోయాను.

#17 కొత్తవిసురు

ఆరు వారాల తర్వాత వచ్చాను. రాజన్న ఏమీ అనుకోవద్దు, డెస్ట్రాయర్ ఇంకా ఇంట్లోనే ఉంది.

మొదటి పది రోజులు ఏవియార్ ఒక్కటే. చెట్టుకి 40 మీటర్ల దూరంలో నిలబడి, చెంబు ఒంపినట్టు. మొదట్లో ప్రతి విసురూ నా తల మీదుగా పోయింది. నాలుగో రోజు మణికట్టు మరీ వంచేసి నేలకి కొట్టాను. ఏడో రోజు ఒకటి ఛాతీ ఎత్తులోనే, చప్పుడు లేకుండా, ఆ చెట్టు దాకా పోయింది. అప్పటిదాకా నా డిస్కులు గాల్లో రెపరెపలాడే చప్పుడు చేసేవని కూడా నాకు తెలియదు, అది ఆగిపోయాకే తెలిసింది.

నిన్న సాయంత్రం గాలి లేదు. శారద అక్క చెప్పినట్టు లెపర్డ్‌ని బయటి అంచు కిందికి వంచి విసిరాను. బయల్దేరింది, వంగే ఉంది, పోయిందిలే అనుకున్నాను. సగం దారిలో అంచు లేచింది. డిస్క్ బల్లపరుపు అయి, కుడికి ఒక మూరెడు జరిగి, అలా పోతూనే ఉంది. కొలిచాను, 84 మీటర్లు. అదే లెపర్డ్, ఆ 66 మీటర్లదే. ఆ తర్వాత పదిహేను సార్లు విసిరితే మూడు సార్లు మళ్లీ అలా లేచింది.

ఒక్క అనుమానం మిగిలింది. ఆ మూడూ ఎందుకు లేచాయి, మిగతా పన్నెండు ఎందుకు లేవలేదు? నా కంటికి వాలు ఒకటే.

#18 శారద_మిడ్‌రేంజ్

84! చదివి లేచి నిలబడ్డాను.

ఆ పన్నెండూ ఎలా పడ్డాయో చెప్పండి. వంపు అలాగే ఉండి ఎడమకి దిగిపోయాయా, లేక పైకి లేచి ఆగి దిగాయా?

#19 కొత్తవిసురు

ఎనిమిది పైకి లేచి ఆగాయి. నాలుగు తక్కువ ఎత్తులోనే పోయి ఎడమకి దిగాయి.

#20 ఎడంచెయ్యి_మూర్తి

ఎనిమిదింటికి ముందంచు లేచింది, ఏవియార్ దగ్గరికి మళ్లీ వెళ్లు. ఆ నాలుగింటికి ఎగురుడు బాగానే ఉంది, వంపు నీ వేగానికి మరీ ఎక్కువైంది. వంపు సగానికి తగ్గించి చూడు. రేపు మళ్లీ పదిహేను విసిరి, ఏది ఎలా పడిందో ఇలాగే లెక్క రాసిపెట్టు.